1888 జనవరి 12 నాటి మంచు తుపాను

అమెరికా మధ్యభాగంలోని డకోటా, నెబ్రాస్కా గడ్డిమైదానాలపై 1888 జనవరి 12న విరుచుకుపడిన బ్లిజర్డ్, అనగా పెనుగాలితో కూడి ఎదుటి మనిషిని సైతం కనబడనీయని మంచు తుపాను, అక్కడి రైతు కుటుంబాల జ్ఞాపకాలలో ఆనాటి ఉదయపు వెచ్చదనంతోనే మొదలవుతుంది. అంతకుముందరి తీవ్రమైన చలి ఆ పూట కాస్త సడలడంతో పెద్దలు పశువులను మేతకు తోలగా, పిల్లలు పలుచని దుస్తులతోనే బడికి వెళ్లారు. అంతలో ఉత్తరం నుండి దూసుకువచ్చిన శీతల వాయువు ఉష్ణోగ్రతను కొన్ని గంటలలోనే ప్రాణాంతక స్థాయికి పడవేసింది. పిండివలె మెత్తనైన మంచు కళ్లను మూసివేసి, ముక్కులో చేరి ఊపిరాడనీయకపోవడంతో, ఇంటికి దగ్గరలోనే దారి తప్పి మరణించినవారున్నారు. మృతులు సుమారు 235 మందని సాధారణంగా చెబుతారు.

అయితే నేరమంతా గాలిదే అనడం న్యాయం కాదు. ఐదేళ్లు నివసించి సాగుచేసినవారికి 160 ఎకరాలను దాదాపు ఉచితంగా ఇచ్చిన 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ఇళ్లను దూరదూరంగా చెదరగొట్టినందున, కేక వేస్తే వినే పొరుగువారే కరువయ్యారు.

నెబ్రాస్కాలో పైకప్పు ఎగిరిపోయిన బడి నుండి విద్యార్థులను సురక్షితమైన చోటికి చేర్చిన ఉపాధ్యాయురాలు మిన్నీ ఫ్రీమన్‌ను పత్రికలు వీరనారిగా కీర్తించాయి. ఆమె పిల్లలను తాడుతో కట్టి నడిపించిందన్న కథనంపై మాత్రం ఏకాభిప్రాయం లేదు. అర్ధశతాబ్దం గడిచాక, 1940లలో, బతికి బయటపడినవారు సంఘంగా ఏర్పడి తమ అనుభవాలను సేకరించగా, అవి 1947లో గ్రంథరూపం దాల్చాయి.