పది సెంటీమీటర్ల దూరంలో తెల్ల అట్ట

జూన్ 9, సోమవారం
రీఫ్లో (విడిభాగాలను బోర్డుకి టంకం వేసే కొలిమి) నుంచి బోర్డులు వచ్చాయి. వెలుగు వెళ్లి వచ్చే సమయంతో దూరం కొలిచే వీఎల్53ఎల్0ఎక్స్ సెన్సరు పొడవు 4.4 మి.మీ., వెడల్పు 2.4. మిర్యాలగూడ మిల్లు తొట్టిలో బియ్యం మట్టం చూడాల్సినది బియ్యపుగింజ కంటే పొట్టి! తెల్ల అట్టను 100 మి.మీ. దూరంలో నిలబెడితే ఒకటి 118 అంది, పక్కది 91 అంది. ఫ్యాక్టరీలో సరిచేసే పంపుతారు, కానీ బోర్డుకి అతికాక ఆ లెక్క కాస్త జరుగుతుంది. ఒక్క మిల్లీమీటరంటే వెలుగు వెళ్లి రావడానికి 6.7 పికోసెకన్లు. ఇంతే జరిగిందంటే నాకు ఆశ్చర్యమే.

జూన్ 10, మంగళవారం
సరిచేసే వరుస ఇది: రిఫరెన్స్ స్పాడ్‌లు (వెలుగును పట్టే సూక్ష్మ డిటెక్టర్లు), ఉష్ణోగ్రత, ఆఫ్‌సెట్, చివర క్రాస్‌టాక్. "ఆఫ్‌సెట్ ఒక్కటి తీసేస్తే చాలదా సార్?" అన్నాడు కొత్త కుర్రాడు. సెన్సరు ముందు అద్దం లేకపోతే చాలా వరకు చాలేది. తవుడు దుమ్ములో అద్దం లేకుండా కుదరదు. లేజరు వదిలే 940 నానోమీటర్ల వెలుగులో కొంత ఆ అద్దానికే తగిలి వెనక్కొస్తుంది. సెన్సరు దాన్నీ కలుపుకుని దూరం తక్కువ చెబుతుంది, ఇదే క్రాస్‌టాక్. ఆఫ్‌సెట్ తేడా దగ్గరైనా దూరమైనా ఒకటే. క్రాస్‌టాక్ అలా కాదు, వస్తువు దూరమయ్యేకొద్దీ, నల్లబడేకొద్దీ తప్పు పెరుగుతుంది. ఒక్క అంకెతో రెండింటినీ సరిచేయలేం.

జూన్ 12, గురువారం
క్రాస్‌టాక్‌కి 17 శాతం వెలుగును తిప్పికొట్టే బూడిదరంగు అట్ట కావాలి. ప్రింటర్లో అచ్చేద్దామన్నాడు కుర్రాడు. కంటికి నల్లగా కనిపించే ఇంకు ఇన్‌ఫ్రారెడ్‌కి తెల్లగా ఉండొచ్చు. ఫోటో స్టూడియో గ్రే కార్డు 18 శాతమే, అయితే అది మన కంటి లెక్క. అసలైన అట్టే తెప్పించాను. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి కిటికీకి దుప్పటి కట్టాం. గదిలో ఉక్క చెప్పనక్కర్లేదు.

జూన్ 14, శనివారం
కరెంటు పోతే మనం తీసిన కాలిబ్రేషన్ విలువలేవీ సెన్సరుకి గుర్తుండవు. ఏ బోర్డు విలువలు ఆ బోర్డు ఫ్లాష్ మెమరీలోనే రాయించాను. వేడి 8 డిగ్రీలకు మించి మారితే ఉష్ణోగ్రత కాలిబ్రేషన్ మళ్లీ జరిగేలా కోడ్‌లో పెట్టాం.

మిగిలింది తవుడు. అందులో నూనె ఉంటుంది, అద్దాన్ని పట్టుకుని వదలదు. శుభ్రమైన అద్దంతో తీసిన క్రాస్‌టాక్ అంకె జిడ్డు పట్టిన అద్దానికి పనికిరాదు. తొట్టి ఖాళీ అయినప్పుడల్లా అద్దం తుడవమని మిల్లు ఆపరేటరుకి ఫోన్ చేశాను. "మోటార్లే తుడవం సార్" అన్నాడు నవ్వుతూ. స్క్రూడ్రైవర్ లేకుండా చేత్తోనే ఊడేలా అద్దం ఉన్న మూత డ్రాయింగు మార్చాలి. సోమవారం ఆ పనే ముందు.