పాత ల్యాప్‌టాప్‌లో రెండు సిస్టమ్స్

నాన్న జీడిపిక్కలు అమ్మిన డబ్బులతో సీనియర్ అన్న దగ్గర కొన్న పాత ల్యాప్‌టాప్ నాది, 4 జీబీ ర్యామ్. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది, 11 దీనికి ఎక్కదు. కాలేజీ పనికి విండోస్ ఉంచి, పక్కనే లినక్స్ మింట్ వేద్దామనుకున్నా. ఫాస్ట్ స్టార్టప్ ఆపేశా. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ని 40 జీబీ తగ్గించి, పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశా.

ఇన్‌స్టాలర్‌లో 'ఎరేజ్ డిస్క్' ఆప్షన్ చూసి చెయ్యి ఆగింది. చనిపోయిన మా అవ్వ సవరలో పాడిన పాటలు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. అన్నీ ఆపేసి, రూమ్మేట్ పెన్‌డ్రైవ్ అడిగి పాటలు ఎక్కించుకున్నాకే, విండోస్ పక్కన వేసే ఆప్షన్ నొక్కా.

ఇప్పుడు ఆన్ చేస్తే ఏది కావాలో గ్రబ్ మెనూ అడుగుతుంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు కాపీ తీసుకోండి. సిస్టమ్ మళ్లీ వేసుకోవచ్చు, అవ్వ పాట మళ్లీ రాదు.