ఐదుసార్లు లేచి కూర్చో, వదినా

వదినా,

శంషాబాద్‌లో వీల్‌చైర్ ఎక్కి విమానం దాకా వెళ్లావట. అంత పొడుగు ఎయిర్‌పోర్టులో నడవలేనన్నావంటే నేనేమీ అనను. కానీ డల్లాస్‌లో సోఫాలోంచి లేవడానికి కూడా మనవడి చెయ్యి అడుగుతున్నావని మీ కోడలు చెప్పింది. మన మహేశ్వరంలో శివగంగ కోనేటి మెట్లు గబగబా దిగిపోయి, కిందినుంచి నన్ను కేకేసిన మనిషివి నువ్వేనా?

వయసు మీద పడింది, ఏం చేస్తాం అంటావు. అనకపోతే నువ్వెందుకవుతావు! కండ తరగడం నిజమే. ముప్పై దాటాక పదేళ్లకోసారి 3 నుంచి 8 శాతం పోతుందట, అరవై దాటాక ఇంకా వేగంగా. బలమైతే కండకంటే ఇంకా త్వరగా తగ్గుతుంది. అందులోనూ చటుక్కున పనిచేసే పోగులు ముందు సన్నబడతాయి. కాలు తట్టుకున్నప్పుడు మనల్ని నిలబెట్టేవి అవే. ఒకప్పుడు తూలి సర్దుకున్నవాళ్లం ఇప్పుడు పడిపోతున్నది అందుకే. 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే ఆయన ఈ కండ తరుగుదలకు సార్కోపీనియా అని పేరు పెట్టాడు. నువ్వున్న అమెరికాలోనే 2016లో జబ్బుల పట్టికలో చేర్చారు కూడా, కాబట్టి అక్కడి డాక్టరును అడగడానికి మొహమాటపడకు.

ఇక్కడి సంగతి చెప్పనా? 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు టికెట్టు లేదు కదా, అయినా మొదటి మెట్టు ఎక్కలేక మహేశ్వరం దాటనివాళ్లు మన వీధిలోనే ఉన్నారు. పెళ్లిళ్లలో కింద కూర్చునే బంతులు పోయాయి. రోలు ముందు కూర్చోవడం, పొయ్యి దగ్గర గొంతుక్కూర్చోవడం, బావిలో నీళ్లు చేదడం పోయాయి. ఆ చాకిరీ మళ్లీ రావాలని నేననను. కానీ తొడలకు అదొక్కటే పని. దాని బదులు వాటికి మనమేమిచ్చాం? పైగా పిల్లలు ప్రేమకొద్దీ “నువ్వు కూర్చో అమ్మా” అంటారు. ఆ మాటే నాకు భయం. కూర్చోబెట్టిన కాలు నెమ్మదిగా లేవడం మానేస్తుంది.

మోకాళ్ల నొప్పి సంగతేమిటంటావా? తొడ బలహీనపడితే భారమంతా మోకాలి మీదే పడుతుంది. డాక్టరు సరేనంటే తొడకు పని చెప్పు, మోకాలికీ ఊరట ఉంటుంది. ఇప్పుడింకేం బలం వస్తుందంటావేమో! 1990లో బోస్టన్‌లో తొంభై ఏళ్ల వాళ్లచేత కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. ఎనిమిది వారాల్లో వాళ్ల తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో వాళ్లకొచ్చింది నీకెందుకు రాదు?

తిండి సంగతి కూడా అనాలి. శనివారం ఒంటిపూట, మిగతా రాత్రులు చారు మెతుకులు! మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన లెక్కన కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీను కావాలి. అరవై కిలోల మనిషికి రోజుకు దాదాపు 50 గ్రాములు. పెద్దవాళ్లకు ఇంకాస్త ఎక్కువే మంచిదనే వైద్యులూ ఉన్నారు. చారులో ఏముంటుంది వదినా? పప్పు గట్టిగా వండించుకో. పెరుగు, పెసలు, గుడ్డు తిను. ఉపవాసం దేవుడికి, సరే. మిగతా ఆరు రోజులూ ఎవరికోసం?

నిన్ను తప్పుపట్టడానికి రాయడంలేదు వదినా. ఒక్క మాట పట్టుకుంటే వదలనని నీకు తెలుసు, అందుకే ఈ పని చెప్తున్నాను. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు గుండెలమీద కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చో. కోడల్ని పక్కన నిలబెట్టుకో. ఆసియా వైద్యులు 2019లో పెట్టిన హద్దు 12 సెకన్లు. అంతకన్నా తక్కువలో అయిపోవాలి. నీకెన్ని పట్టాయో వచ్చే ఉత్తరంలో రాయి. తగ్గించి రాయకు, మీ కోడల్నీ అడుగుతాను.