షిన్‌చూలో స్టైపెండ్ లెక్కలు

హైదరాబాదు నుంచి తైపేకి నేరుగా విమానం లేదు. బ్యాంకాక్‌లో మారి, తావోయువాన్ విమానాశ్రయంలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. తైపే ఊళ్లోకి పోకుండా అక్కడి నుంచే మెట్రో ఎక్కి హైస్పీడ్ రైలు స్టేషనుకు, అక్కడ బండి మారి షిన్‌చూకు వెళ్లాను. సీటు వెతుక్కుని సంచీ పైన పెట్టి కూర్చున్నానో లేదో, ఊరొచ్చేసిందని అందరూ లేచారు. కాకినాడలో సాయంత్రం పూట జగన్నాథపురం వంతెన దాటడానికి అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది.

నన్ను రమ్మని పిలిచింది నా పాత విద్యార్థిని. శ్రీకాకుళం జిల్లా పల్లెటూరి నుంచి మా కాలేజీకి వచ్చి బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది. ఎమ్మెస్సీ అయ్యాక ఇప్పుడు షిన్‌చూలోని నేషనల్ త్సింగ్ హ్వా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తోంది. ఫీజు లేదు, పైగా నెలనెలా స్టైపెండ్. వాళ్ల నాన్న పొలం తాకట్టు పెట్టలేదు. ఈ మాట మా ప్రాంతంలో ఎవరికి చెప్పినా, ఇందులో ఏదో మెలిక ఉందన్నట్టు చూస్తారు. విదేశీ చదువంటే మాకు అమెరికా, అమెరికా అంటే బ్యాంకు అప్పు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఆ మెలిక ఏమిటో నా కళ్లతో చూద్దామనే బయల్దేరాను.

అక్టోబరు నెల. స్టేషన్ బయటికి రాగానే ఈశాన్యపు గాలి చీర కొంగును ఎగరేసుకుపోయింది. తైవాన్‌లో ఈ ఊరికి గాలి ఊరని పేరు. ఇక్కడి బియ్యపు సేమ్యా దేశమంతా ప్రసిద్ధి, దాన్ని ఆరబెట్టేది ఈ గాలే. "చలికాలం ముదిరాక చూడాలి మేడం, సైకిలు తొక్కుతుంటే వెనక్కి పోతాం" అంది మా అమ్మాయి నవ్వుతూ.

మర్నాడు పొద్దున్నే క్యాంపస్ చూపించింది. గ్వాంగ్‌ఫూ రోడ్డు మీద పెద్ద గేటు, లోపలికి వెళితే చెరువు, చెట్లు, మెల్లగా ఎక్కే దారులు. ఆ దారుల్లో ఒకదాని చివర ప్లమ్ చెట్ల తోట. అందులో ఒక సమాధి ఉంది. అది మే యీ చీ అనే ఆయనది.

"ఈయన కూడా మాలాగే స్కాలర్‌షిప్ స్టూడెంటేనండీ" అంది.

ఆ కథ నేను కొంత చదివే వెళ్లాను. 1900లో చైనాలో బాక్సర్ల తిరుగుబాటును అణచడానికి ఎనిమిది దేశాల సైన్యాలు బీజింగ్ మీద పడ్డాయి. బ్రిటిష్ జెండా కింద వెళ్లినవారిలో మన భారతీయ సిపాయిలూ ఉన్నారు. మరుసటి ఏడాది ఒప్పందంలో చైనా నెత్తిన 45 కోట్ల తేల్‌ల (తేల్ అంటే పాత చైనా తూకం) వెండి జరిమానా పెట్టి, వడ్డీతో సహా 39 ఏళ్లలో కట్టమన్నారు. తన నష్టం కంటే ఎక్కువే పుచ్చుకుంటున్నానని అమెరికాకు తర్వాత తెలిసింది. ఆ అదనపు సొమ్ము తిరిగి ఇవ్వడానికి 1908లో ఒప్పుకుంది. అయితే ఆ డబ్బుతో చైనా కుర్రవాళ్లను చదువుకోసం అమెరికాకే పంపాలన్నది షరతు. 1909లో వెళ్లిన మొదటి జట్టు 47 మందిలో మే యీ చీ ఒకరు. వూస్టర్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. అలా వెళ్లేవారిని తయారు చేయడానికే 1911లో బీజింగ్‌లో త్సింగ్ హ్వా పాఠశాల పుట్టింది. దానికే ఆయన 1931లో అధ్యక్షుడయ్యారు. చైనా రెండయ్యాక, అదే నిధిలో మిగిలిన సొమ్ముతో 1956లో షిన్‌చూలో త్సింగ్ హ్వాను మళ్లీ నిలబెట్టారు. మే యీ చీ 1962లో కన్నుమూశాక ఇక్కడే ఖననం చేశారు.

యుద్ధ జరిమానా సొమ్ముతో పుట్టిన విశ్వవిద్యాలయం ఇది! అమెరికా ఆ రోజు ఇచ్చింది జాలితో కాదు. రేపటి చైనాను నడిపేవాళ్లు తన దగ్గర చదివి ఉండాలని లెక్క వేసుకుని ఇచ్చింది. ఆ లెక్కను దాచలేదు కూడా. మెలిక కోసం వచ్చిన నాకు అది తోటలోనే సగం దొరికింది. స్కాలర్‌షిప్ ఇచ్చేవాడికి ఒక అవసరం ఉంటుంది. ఆ అవసరమేమిటో తెలిస్తే పుచ్చుకునేవాడికి భయం ఉండదు.

తైవాన్ అవసరమేమిటో ల్యాబ్‌లోకి వెళ్లాక అర్థమైంది. గదిలో ఉన్న పరికరాల్లో సగం నేను పుస్తకాల్లో బొమ్మలుగా మాత్రమే చూసినవి. కెమిస్ట్రీ మేడం కదా అని ఎక్స్‌రే యంత్రం తలుపు తీసి మరీ చూపించారు. అక్కడున్న పరిశోధకుల్లో తమిళనాడు కుర్రాడు ఒకడు, వియత్నాం అమ్మాయి ఒకతె, ఇండొనేషియా వాళ్లు ఇద్దరు. తైవాన్ పిల్లలేరమ్మా అని అడిగాను.

"మాస్టర్స్ అవగానే పార్కులో ఉద్యోగాలకు పోతారు మేడం. పీహెచ్‌డీకి మిగిలేది ఎక్కువగా మేమే."

పార్కంటే షిన్‌చూ సైన్స్ పార్కు. 1980లో ఈ క్యాంపస్ పక్కనే పెట్టారు. అంతకు ముందే 1976లో అమెరికాలోని ఆర్‌సీఏ కంపెనీతో ఒప్పందం చేసుకుని, చిప్పుల తయారీ నేర్చుకు రమ్మని యువ ఇంజనీర్లను ప్రభుత్వమే పంపింది. అదీ ఒక రకం స్కాలర్‌షిప్పే. 1987లో చిప్పులు తయారు చేసే టీఎస్ఎంసీ కంపెనీ వచ్చింది. ఇప్పుడు ప్రపంచమంతా ఈ ఊరి చిప్పుల మీద నడుస్తోంది. పక్కనే కంపెనీలు పెద్ద జీతాలతో పిలుస్తుంటే, ఐదేళ్లు పరిశోధన చేస్తూ కూర్చునేదెవరు? దానికి తోడు తైవాన్‌ జననాల రేటు ప్రపంచంలోని అతి తక్కువ రేట్లలో ఒకటి. కాలేజీల్లో సీట్లు మిగిలిపోతున్నాయి, ల్యాబుల్లో చేతులు చాలడం లేదు. మా శ్రీకాకుళం అమ్మాయికి స్టైపెండ్ రావడంలో ఉన్న మర్మం ఇంతే.

రాత్రి భోజనానికి శాకాహార బఫేకి తీసుకెళ్లింది. ఇక్కడ బౌద్ధుల పుణ్యమా అని ఇలాంటివి వీధికొకటి ఉన్నాయి. కావలసినవి పళ్లెంలో పెట్టుకుంటే తూకం వేసి డబ్బు చెబుతారు. వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. మా అత్తగారు ఉంటే ఈ దేశంలోనే స్థిరపడేవారు.

అక్కడే లెక్కలు వేశాం. తైవాన్ విద్యాశాఖ ఇచ్చే స్కాలర్‌షిప్ కింద ఆ అమ్మాయి చూపించిన నియమాల ప్రకారం పీజీ, పీహెచ్‌డీ వాళ్లకు నెలకు 20,000 తైవాన్ డాలర్లు, డిగ్రీ వాళ్లకు 15,000. ట్యూషన్ కింద సెమిస్టరుకు 40,000 వరకు కడతారు. మాస్టర్స్‌కి రెండేళ్లు, పీహెచ్‌డీకి నాలుగేళ్లు మించి ఇవ్వరు. మార్కులు తగ్గితే ఆపేస్తారు. ఇది కాక విశ్వవిద్యాలయాలు సొంతంగా ఇచ్చేవి వేరు, ప్రొఫెసర్ తన ప్రాజెక్టు నుంచి కలిపేది వేరు. మా అమ్మాయికి వచ్చింది విద్యాశాఖది కాదు, ఇలా వచ్చిందే.

20,000 తైవాన్ డాలర్లంటే మన లెక్కలో యాభై వేల పైమాటే. వినడానికి బాగుంటుంది. కానీ మన దేశంలో పరిశోధక విద్యార్థులకిచ్చే జేఆర్ఎఫ్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. షిన్‌చూలో గది అద్దె, తిండి ఖర్చు చూస్తే చేతిలో మిగిలేది దాదాపు సమానం. కాబట్టి డబ్బు మిగుల్చుకోవడానికి తైవాన్ వెళ్లేవాళ్లుంటే వద్దని చెబుతాను. ఆ ఎక్స్‌రే యంత్రం కోసం, దాన్ని రాత్రి పదింటికి కూడా వాడుకోనిచ్చే పద్ధతి కోసం వెళ్లొచ్చు. అమెరికా అప్పుతో పోలిస్తే మాత్రం ఇది నిస్సందేహంగా మేలు.

అన్ని పిలుపులూ ఇలాంటివి కావు. 2022లో తైవాన్‌ను కుదిపేసిన ఒక వ్యవహారం ఉంది. ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం ఉగాండా నుంచి పిల్లల్ని స్కాలర్‌షిప్ ఇస్తాం, ఇంగ్లీషులో చదువు చెబుతాం అని రప్పించింది. తీరా వచ్చాక పాఠాలు చైనీస్‌లో, ఫీజులు కట్టుకోవడానికి కర్మాగారాల్లో కూలిపని. అక్కడి పత్రికలే దాన్ని బయటపెట్టాయి. మన వీధుల్లో బోర్డులు పెట్టుకున్న ఏజెంట్లు చెప్పే 'నూరు శాతం స్కాలర్‌షిప్' మాట విన్నప్పుడల్లా నాకు ఆ ఉగాండా పిల్లలు గుర్తొస్తారు. నెలకెంత, ఎన్నేళ్లు, ఏ షరతుతో ఆపుతారు, ఈ మూడూ విశ్వవిద్యాలయం లెటర్‌హెడ్ మీద లేకపోతే అది స్కాలర్‌షిప్ కాదు.

ఊళ్లో 1748 నాటి నగర దేవత గుడి చూశాం. గుడి చుట్టూ, గుడి ఆవరణలో కూడా తిండి దుకాణాలే. అన్నీ పంది మాంసపు ఉండలు కావడంతో నేను అగరుబత్తి వెలిగించి త్వరగానే బయటపడ్డాను.

తిరుగు ప్రయాణానికి ముందు తైపే శివారులోని నాన్‌కాంగ్ వెళ్లాను. హైస్పీడ్ రైలు అక్కడిదాకా వస్తుంది. అకాడెమియా సినికా అనే పరిశోధన సంస్థ అక్కడే ఉంది. ఎదురుగా గుట్ట మీద హూ షీ సమాధి. ఈయనా అదే బాక్సర్ నిధితో 1910లో కార్నెల్ వెళ్లిన కుర్రాడే. తర్వాత ఆధునిక చైనీస్ సాహిత్యానికి దారి చూపి, ఈ సంస్థకు అధ్యక్షుడై, మే యీ చీ పోయిన 1962లోనే పోయారు. ఒకే నిధితో చదివిన ఇద్దరూ చివరిదాకా నడిపిన సంస్థల పక్కనే పడుకుని ఉన్నారు.

ఇదే సంస్థకు 1994లో లీ యువాన్ త్సే అధ్యక్షుడయ్యారు. షిన్‌చూలో పుట్టి, త్సింగ్ హ్వాలో మాస్టర్స్ చేసి, అమెరికా వెళ్లి, 1986లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్నవాడు. క్లాసులో ఆయన అణు పుంజాల ప్రయోగం ఎన్నిసార్లు చెప్పానో. ఆయన హయాంలోనే, 2002లో, టీఐజీపీ అనే పీహెచ్‌డీ పథకం మొదలైంది. బోధన అంతా ఇంగ్లీషులో. మొదటి మూడేళ్ల స్టైపెండ్ సంస్థే ఇస్తుంది, ఆ తర్వాత భారం గైడ్‌ది. పట్టా ఇచ్చేది భాగస్వామి విశ్వవిద్యాలయం. ఈ గుట్ట కిందే నాకు ఆ పథకంలో చదివే బీహారు కుర్రాడొకడు కలిశాడు. ఎవరు చెప్పారు నీకీ సంగతి అంటే, నోటీసు బోర్డు మీద కాగితం చూశానన్నాడు. మా కాలేజీ నోటీసు బోర్డు మీద అలాంటి కాగితం నేనెప్పుడూ చూడలేదు.

వెళ్లదలచిన పిల్లలకు ఒక మాట. తైవాన్ విద్యాశాఖ స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీసుకుంటారు. మన దక్షిణాది వాళ్లు చూడాల్సింది చెన్నైలోని తైపే ఆర్థిక, సాంస్కృతిక కేంద్రం. విశ్వవిద్యాలయంలో సీటుకు దరఖాస్తు వేరు, స్కాలర్‌షిప్‌కు వేరు. ఒకటి పెట్టి రెండోది దానంతట వస్తుందని కూర్చోవద్దు. సర్టిఫికెట్ల మీద ఎపోస్టిల్ ముద్ర తైవాన్‌కు చెల్లదు, చెన్నై కేంద్రం ధ్రువీకరణ కావాలి. దానికి వారాలు పడుతుంది. అన్నిటికంటే ముందు, మీరు చేయదలచిన పని చేస్తున్న ప్రొఫెసర్ పేపర్లు రెండు మూడు చదివి, దసరా సెలవుల్లోనే ఆయనకు ఉత్తరం రాయండి. దానికి ఏజెంటు అక్కర్లేదు, రూపాయి ఖర్చూ కాదు.