మూసిన తలుపు – చెరగని రాత

తిరుమల ఆలయంలో సంకీర్తన భాండారమనే చిన్న రాతిగది ఒకటి ఉంది. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి అందులో భద్రపరిచారు. కాలక్రమంలో లోకం వాటిని మరచిపోయింది. పాడేవారు లేకపోయినా రేకులు కరగలేదు, అక్షరాలు చెరగలేదు. ఇరవయ్యో శతాబ్దిలో అవి వెలుగుచూసి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల కృషితో తెలుగుజాతి సొత్తయ్యాయి. తలుపు మూయడం వేరు, లోపలి రాతను చెరపడం వేరు అనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

నేడు ప్రతి మనిషికీ అటువంటి గదులు అనేకం. శ్రీవారి దర్శనం టికెట్టును ఆన్‌లైన్‌లో కోరే యాత్రికుడు పేరు, వయస్సు, గుర్తింపుకార్డు సంఖ్య తెలపాలి. చిత్తూరులో ఇంటర్మీడియట్ చదివే విద్యార్థి సరదాకు పది ఖాతాలు తెరుస్తాడు. పుట్టినతేదీ, ఫోటోలు, తిరిగిన తావులు, వెతికిన మాటలు అన్నీ అక్కడ చేరతాయి. ఒకనాడు విసుగుపుట్టి ఫోనులోని యాప్‌ను తీసివేసి, తన జాడ పోయిందనుకొంటాడు. నిజానికి పోయింది తెరమీది గుర్తు మాత్రమే. ఖాతా పదిలంగా ఉంది. ఖాతానే తొలగించమని కోరినా సమాచారం తక్షణం మాయం కాదు. ఉదాహరణకు ఫేస్‌బుక్, మనస్సు మార్చుకోవడానికి 30 రోజుల గడువు ఇస్తుంది. పూర్తిగా తుడిచివేయడానికి 90 రోజుల వరకు పట్టవచ్చునంటుంది. అప్పటికే ఇతరులు దాచుకొన్న ప్రతులు ఖాతాతోపాటు పోవు.

దాచడమంతా దోషం కాదు. మూసిన బ్యాంకు ఖాతా వివరాలను 5 సంవత్సరాలు భద్రపరచాలని చట్టమే శాసిస్తున్నది. అది అక్రమధనాన్ని అరికట్టడానికి. కాని అవసరం తీరిన పిదప కూడా నిలిచిన వివరం మోసగాని చేతికి చిక్కితే కష్టపడేది దాని యజమానియే. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించింది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఇచ్చిన సమ్మతిని పౌరుడు ఉపసంహరించుకోవచ్చుననీ, మరే చట్టమూ దాచమననప్పుడు ప్రయోజనం తీరిన సమాచారాన్ని సంస్థలు తుడిచివేయాలనీ దాని సారాంశం. 2025 నవంబరులో నియమావళి వెలువడింది. ముఖ్యమైన నిబంధనల అమలుకు 18 నెలల వ్యవధి ఇచ్చారు.

రాగిరేకులపై రాయించినవారు ఆ మాటలు కలకాలం నిలవాలని కోరుకొన్నారు. విద్యార్థి తన వివరాలు నిలవాలని కోరుకోలేదు. భేదమంతా ఆ కోరికలోనే ఉంది. కనుక యాప్‌ను తీసివేయడానికి ముందు ఖాతాను తొలగించమని కోరడం జాగ్రత్త. అడిగిన ప్రతి వివరాన్నీ ఇచ్చే ముందు, అది ఎందుకని ప్రశ్నించడం అంతకుమించిన వివేకం.