కువైట్‌లో మేము చూసిన ఉపవాస నెలలు

కోనసీమలోగాని, నరసాపురం వైపుగాని, రాజంపేట, రాయచోటి ప్రాంతాలలోగాని కువైట్‌లో మనిషి లేని కుటుంబాలు తక్కువే. అక్కడి నుంచి వచ్చే డబ్బు సంగతి ఊరందరికీ తెలుసు. రంజాన్ నెలలో అక్కడ మనవాళ్లకు రోజు ఎలా గడుస్తుందో తెలిసినవారు కొద్దిమందే. మేము భార్యాభర్తలము 2013 జూన్‌లో వెళ్లి, 2024 చివరలో తిరిగి వచ్చాము. ఒకే ఇంట్లో ఒకరు డ్రైవరు, ఒకరు వంటమనిషి. అలా పన్నెండు రంజాన్ నెలలు ఆ ఇంట్లోనే గడిచాయి.

వారి నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి గనుక రంజాన్ ఏటేటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మేము వెళ్లిన ఏడు జూలై 10న మొదలైంది. 2015లో జూన్ 18నే వచ్చింది. ఆ రోజుల్లో అక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. తెల్లవారుజామున మూడుంబావు మొదలు సాయంత్రం ఏడు గంటలు కావచ్చేవరకు మెతుకు గాని, మంచినీటి చుక్క గాని ముట్టరు. 2024కి వచ్చేసరికి మార్చి 11న మొదలై, ఎండ బాధ తగ్గింది.

ఆ నెలలో పగటివేళ బహిరంగముగా తినడం, తాగడం, సిగరెట్టు కాల్చడం అక్కడ నేరము. 1968 నాటి చట్టము ప్రకారం 100 దీనార్ల వరకు జరిమానా, నెల వరకు జైలు. 2024 లెక్కలో దీనారు 270 రూపాయల దాకా ఉండేది గనుక ఆ జరిమానా ఎంతో మీరే లెక్కవేసుకోవచ్చు. ఈ నియమము ముస్లింలకే కాదు, అందరికీ. కారులో కూర్చుని సీసా ఎత్తి నీళ్లు తాగినా తప్పే. ఆ నెలలో మా కారులో నీళ్ల సీసా సీటు కింద దాక్కుని ఉండేది.

ఇంటి లోపల ఎవరూ మమ్మల్ని తినవద్దనలేదు. ఇంటి యజమానురాలిని అక్కడ పనివాళ్లు ‘మామా’ అంటారు (మన మేనమామ కాదు సుమా), యజమానిని ‘బాబా’ అంటారు. మీకు రోజా లేదు గదా, వంటింటి తలుపు వేసుకొని తినండి అని మామా మొదటి రోజే చెప్పింది. అయితే ఆ ఇంటి తొమ్మిదేళ్ల పాప ఒక ఏడు పట్టుదలగా ఉపవాసము మొదలుపెట్టింది. మధ్యాహ్నము వాడిన ముఖముతో వంటింట్లోకి వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుని, గిన్నెల వైపు చూస్తూ ఉండేది. ఆ పిల్ల కళ్లముందు గుడ్డు వేయించుకొని తినడానికి ఎవరికి మనసొప్పుతుంది? గేటు పక్కనున్న డ్రైవరు గదికి అన్నము, ఆవకాయ తెచ్చుకొని, ఇద్దరమూ గబగబా తినేసి వెళ్లిపోయేవాళ్లము.

ఇంకొక సంగతి చెబితే నవ్వుతారు. ఉపవాసములో ఉన్నవారు ఉప్పు, కారము రుచి చూడటానికి జంకుతారు. ఆ ఇంట్లో ఆ నెలంతా ఉప్పు చూసే పని మాదే. ముప్పై మంది బంధువులు వచ్చే రోజున కూడా, పెద్ద మామా గరిటె మన చేతికిచ్చి, మన ముఖము వంక చూస్తూ నిలబడేది.

సాయంత్రము నాలుగు గంటలయ్యేసరికి వంటిల్లు పొయ్యిలా కాలిపోయేది. గోధుమలు, మాంసము గంటల తరబడి ఉడికించి మెదిపే హరీస్, రొట్టె ముక్కలు మాంసపు పులుసులో నానబెట్టే తష్రీబ్, పప్పు షోర్బా, సంబూసాలు, చిన్న బూరెల్లాగా వేయించి పాకములో వేసే లుగేమాత్. ఖర్జూరపు పండ్లు, లబన్ అనే మజ్జిగ ఎటూ ఉండాలి. వండినదంతా ఆ ఇంటివారికే కాదు. ఇరుగుపొరుగు ఇళ్లకు పళ్లేలు పంపుకోవడం అక్కడి ఆచారము. ఆ పళ్లేలు కారులో పెట్టుకొని ఇంటింటికీ ఇచ్చి, వారిచ్చినవి తెచ్చి, సూర్యాస్తమయానికి ముందు ఇంటికి చేరాలి. ఆ అరగంటలో రోడ్డు మీద అందరికీ తొందరే, అందరికీ ఆకలే. ఎప్పుడైనా దారిలోనే పొద్దు గూకితే, సిగ్నలు దగ్గర కుర్రవాళ్లు నీళ్ల సీసా, ఖర్జూరాల పొట్లము కిటికీలోంచి అందించేవారు. మీ మతమేమిటని ఏనాడూ అడగలేదు.

నగరములో నాయిఫ్ ప్యాలెస్ దగ్గర ఫిరంగి పేలుస్తారు, టీవీలో చూపిస్తారు. అప్పుడు ఖర్జూరము నోట్లో వేసుకుంటారు. తిన్న తర్వాత తరావీహ్ నమాజు. రాత్రి పదకొండు, పన్నెండుకు బంధువులతో ‘గబ్గా’ అనే మరొక విందు. మూడు గంటలకు సహూర్ భోజనము. ఇంటివారు పగలు ఆలస్యముగా లేస్తారు. పనివారికి పొద్దున్నే పిల్లల బడి, ఇల్లు కడగడము మామూలే. చివరి పది రాత్రులు అర్ధరాత్రి దాటాక ప్రార్థనలు ఉంటాయి గనుక, డ్రైవరు పెద్ద మసీదు బయట కారులో కూర్చుని కునికిపాట్లు పడేవాడు.

అక్కడి కార్మిక చట్టము రంజాన్ నెలలో కంపెనీల పనిగంటలను వారానికి 48 నుంచి 36కు తగ్గిస్తుంది. ఆకలితో ఉన్నవాడి బలహీనతను చట్టము గుర్తించింది, మంచిదే. అయితే ఆ చట్టము ఇళ్లలో పనిచేసేవారికి వర్తించదు. వారికి 2015లో వేరే చట్టము చేశారు: రోజుకు 12 గంటలు మించరాదు, వారానికొక రోజు సెలవు. ఇంటి తలుపు మూసుకున్న తర్వాత గంటలు లెక్కపెట్టేవారు ఎవరు? మా ఇంట్లో మధ్యాహ్నము రెండు గంటలు పడుకోనిచ్చేవారు. అందరి ఇళ్లూ అలా లేవు. మా ఊరి పక్క నుంచి వచ్చిన ఒక సహోదరి వేరొక ఇంట్లో నెలంతా రోజుకు మూడు గంటలే పడుకున్నది. కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. చివరకు ఇల్లు విడిచి బయటికి వచ్చి, ఆకామా పోగొట్టుకొని, ఏడాది పైగా దాగి బ్రతికింది. 2024 మార్చి 17 నుంచి ప్రభుత్వము క్షమాభిక్ష అమలు చేసినప్పుడు, జరిమానా లేకుండా ఇంటికి చేరింది. ఆ క్షమాభిక్ష మొదలైనది రంజాన్ నెలలోనే. యెషయా గ్రంథము 58వ అధ్యాయములో ఉపవాస దినమున పనివారిని పీడించడం గురించి ఉన్న మాట మనలో చాలామంది చదివే ఉంటారు. అది ఏ ఒక్క మతము వారికో చెప్పిన మాట కాదు. మన ఇళ్లలోనూ క్రిస్మస్‌కు ముందు రాత్రి ఎవరు మేలుకొని ఉంటారో చూసుకోవచ్చు.

2024లో మంచి శుక్రవారము మార్చి 29న, రంజాన్ నడుమ వచ్చింది. శుక్రవారము అక్కడ వారపు సెలవే గనుక మన సంఘాలన్నీ ఎప్పుడూ ఆ రోజే కూడుకుంటాయి. కువైట్ నగరములో నేషనల్ ఇవాంజిలికల్ సంఘపు ప్రాంగణములో అరబ్బీ, మలయాళము, తెలుగు, ఇంకా ఎన్నో భాషలవారు గంటలు పంచుకొని ఆరాధిస్తారు. కువైట్ దేశస్థుడే అయిన రెవరెండ్ ఇమ్మానుయేలు ఘరీబ్ గారు 1999లో అక్కడ కాపరిగా అభిషేకము పొందారంటే మన ఊళ్లలో నమ్మరు. రంజాన్ నెలలో ఆరాధన తర్వాత టీ గ్లాసు పట్టుకొని గేటు దాటవద్దని పెద్దలు హెచ్చరించేవారు.

ఆ రోజు మా ఇంట్లో ముప్పై మందికి విందు. పనిలోకి రామని చెప్పే ధైర్యము ఎవరికుంటుంది? రెండు రోజుల ముందు పెద్ద మామా దగ్గరకు వెళ్లి, ఆ శుక్రవారము మాకూ ఉపవాసమేనని, మధ్యాహ్నము మూడు గంటల వరకు ప్రార్థన ఉంటుందని చెప్పాము. ఆవిడ కాసేపు తస్బీహ్ పూసలు తిప్పుతూ ఊరుకొని, “మీకు కూడా రోజా ఉందా? నీళ్లు తాగుతారా?” అని అడిగింది. కొందరు తాగుతారు, కొందరు తాగరని చెప్పాము. “తాగితే అదేం రోజా!” అని నవ్వి, వెళ్లి రమ్మన్నది. గురువారము రాత్రంతా మేలుకొని హరీస్ వండి పెట్టి, ఏడు మాటల ఆరాధనకు వెళ్లాము. నాలుగింటికి తిరిగి వచ్చి సంబూసాలు వేయించాము. ఆ పూట ఉప్పు చూసేవారు లేక షోర్బా చప్పగా అయ్యింది. ఎవరూ ఏమీ అనలేదు. ఫిరంగి మ్రోగాక, పెద్ద మామా మా ఇద్దరికీ మొదట ఖర్జూరాలు పంపించింది.

అదే మార్చిలో మా అబ్బాయికి పదో తరగతి పరీక్షలు. మనకూ వారికీ రెండున్నర గంటల తేడా. అక్కడ సాయంత్రము ఆరు, అంటే ఫిరంగి వేళ, ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. పిల్లలు అన్నము తిని తల్లిదండ్రులతో మాట్లాడాలనుకునే సమయానికి అక్కడ ఊపిరి తిరగదు. మొదటి వారములో వాడు నాలుగుసార్లు ఫోను చేసి, ఎత్తకపోతే అలిగాడు. తర్వాత మేమే సహూర్ గిన్నెలు కడిగేటప్పుడు, తెల్లవారుజామున మూడున్నరకు, ఫోను కిటికీలో నిలబెట్టి మాట్లాడేవాళ్లము. ఇక్కడ ఆరు గంటలు. వాడు లేచి లెక్కలు చేసుకుంటూ ఉండేవాడు. వెనుక నాయనమ్మ పొయ్యి రాజేస్తూ దగ్గేది.

కువైట్‌లో మనుషులు ఉన్నవారు ఆ నెలలో రాత్రి ఎనిమిదిన్నరకు ఫోను చేయకండి. తీయలేదని మాటలు అనకండి. ఉదయము ఆరింటికి చేయండి, డబ్బు సంగతి తర్వాత, నిన్న ఎన్ని గంటలు పడుకున్నావని ముందు అడగండి. కొత్తగా ఎవరినైనా పంపేవారు, ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారు, వంటకు ఇంకొకరు ఉన్నారా, రంజాన్‌లో పడుకోవడానికి ఏ గంటలు ఇస్తారు అన్నవి ఏజెంటును వీసా చేతికి రాకముందే అడగండి. ‘అవన్నీ అక్కడికి వెళ్లాక చూసుకుందాం’ అనే ఏజెంటు దగ్గర నుంచి లేచి వచ్చేయండి.