తాలు గింజలు

చెట్టు లావుని ఎక్కడ పడితే అక్కడ కొలవరు. నేల నుంచి 4.5 అడుగుల ఎత్తులో టేపు చుట్టాలి. కొండవాలు మీద ఉన్న చెట్టయితే ఆ ఎత్తుని పైవైపు నేల నుంచి లెక్కపెట్టాలి. వచ్చిన చుట్టుకొలతని 3.14తో భాగిస్తే వ్యాసం. చిన్నప్పుడు బళ్లో చేసిన ఈ లెక్క, వర్జీనియాలో బ్లూ రిడ్జ్ కొండలెక్కడం అలవాటయ్యాక నాకు మళ్లీ పనికొచ్చింది. నేను వెతికేది అమెరికన్ చెస్ట్‌నట్ చెట్లని.

ఒకప్పుడు వీటిని వెతకాల్సిన అవసరమే లేదు. మెయిన్ నుంచి అలబామా దాకా కొండల నిండా ఇవే. జనం గింజలు తిన్నారు, అమ్ముకున్నారు, పందుల్ని మేపుకున్నారు. కలపతో ఇళ్లూ కంచెలూ కట్టుకున్నారు. 1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో ఈ చెట్లు ఎండిపోవడం గమనించారు. ఆసియా నుంచి తెచ్చిన మొక్కలతో పాటు వచ్చిన ఒక శిలీంధ్రం దానికి కారణం. బెరడు పగుళ్లలోంచి లోపలికి దూరి, మాను చుట్టూ పాకుతుంది. చుట్టు పూర్తయిందంటే ఆ పైనున్న చెట్టంతా చచ్చినట్టే. 1950 నాటికి దాదాపు 400 కోట్ల చెట్లు పోయాయని అంచనా. పెన్సిల్వేనియా 1911లో ఒక కమిషన్ వేసి మరీ తెగులుని ఆపాలని చూసింది. ఆగలేదు. ఎలాగూ పోయేవే కదా అని ఆరోగ్యంగా ఉన్న చెట్లని కూడా కలప కోసం కొట్టేసుకున్నారు. వాటిల్లో తెగులుని తట్టుకోగలిగినవి ఉన్నాయో లేదో తేలకుండానే పోయింది.

చిత్రమేమిటంటే, వేళ్లు చావలేదు. మట్టిలోని సూక్ష్మజీవులు ఈ శిలీంధ్రాన్ని అక్కడ బతకనివ్వవు. అందుకే పాత మొద్దుల చుట్టూ ఇప్పటికీ పిలకలొస్తాయి. కాస్త లావెక్కి బెరడు పగలగానే తెగులు పట్టుకుంటుంది. ఎండిపోతాయి. మళ్లీ పిలకలు. వందేళ్లుగా ఇదే వరస. అంటే చెస్ట్‌నట్ అంతరించిపోలేదు, పెద్దవడం మానేసింది. 10 అంగుళాల వ్యాసం దాటి, తెగులు తగిలినా ఏళ్లతరబడి నిలబడ్డ చెట్టు కనిపిస్తే పరిశోధకులకి అంత ఆసక్తి అందుకే.

పోల్చుకోవడం నేర్చుకోవాలి. చైనా చెస్ట్‌నట్‌కి ఆకు వెనక నూగుంటుంది. అమెరికన్ ఆకు పొడుగ్గా, పలచగా, అంచున కొక్కేల్లాంటి పళ్లతో ఉంటుంది. వెనక నున్నన. కాయని చూస్తే మన ఉమ్మెత్త కాయ గుర్తొస్తుంది గానీ, దీని ముళ్లు ఇంకా సన్నం, ఇంకా ఎక్కువ. అనుమానం ఉంటే ఆకులతో ఉన్న చిన్న కొమ్మని అమెరికన్ చెస్ట్‌నట్ ఫౌండేషన్‌కి పంపొచ్చు. 1983 నుంచీ ఈ చెట్టు కోసమే పనిచేస్తున్న సంస్థ అది.

కిందటి అక్టోబరులో ఓక్ చెట్ల మధ్య ఒకటి దొరికింది. చుట్టుకొలత 44 అంగుళాలు. అంటే వ్యాసం 14. టేపు తీసి మళ్లీ చుట్టాను. మళ్లీ 44. ఒక పక్క బెరడు ఉబ్బి, పగిలి, నారింజరంగు చుక్కలతో ఉంది. తెగులు ఉంది. చెట్టూ ఉంది. కింద రాలిన కాయల్ని బూటుతో విప్పి చూశాను. ఒక్కోదాంట్లో మూడేసి గింజలు, నొక్కితే కాగితంలా అణిగిపోయాయి. అన్నీ తాలే.

ఆ రాత్రి ఫోన్లో అమ్మకి చెప్తే, "పక్కన ఇంకోటి లేదేమోనే. మగచెట్టు లేకపోతే బొప్పాయికీ అంతేగా," అంది. దీనికి ఆడపూలూ మగపూలూ ఒకే చెట్టుకి పూస్తాయమ్మా, కానీ తన పుప్పొడి తనకి పనికిరాదు అన్నాను. "అదే కదా నేను చెప్పేది," అంది.

బతికిన పెద్ద చెట్లలో కొన్నింటిని కాపాడింది దూరమే. చుట్టుపక్కల తెగులు సోకిన చెట్లు లేకపోవడం. ఆ దూరమే వాటికి గింజ పట్టకుండా చేస్తోంది. నేను చూసిన చెట్టు అలా తప్పించుకున్నది కాదు, తెగులుతోనే కాపురం చేస్తోంది. అది చెట్టు బలమా, అక్కడి తెగులు బలహీనమైందా అన్నది తెలిసినవాళ్లు పరీక్షించి చెప్పాలి. బలమే అయితే, అది తర్వాతి తరానికి అందాలంటే ఎవరో ఒకరు ఇంకో చెట్టు పుప్పొడి మోసుకొచ్చి దీని పూలకి అద్దాలి. అందుకే కొలతలు. ఎత్తు, లావు, ఆరోగ్యం, ఉండే చోటు: అచ్చం మన పెళ్లిసంబంధాల బయోడేటా.

నా నోట్‌బుక్‌లో ఈ చెట్టుకి ఒక పేజీ ఉంది. చుట్టుకొలత 44. తెగులు ఉంది. గింజలు తాలు. "దగ్గర్లో ఇంకో చెట్టు" అని రాసుకున్నచోట ఖాళీ. జూన్ చివర్లో తెల్లటి పూలకంకులు వేలాడతాయి, అప్పుడు దూరం నుంచి కూడా ఆనవాలు పట్టొచ్చు. ముందు పక్క లోయలో చూడాలి.